నాలుగు గొంతుల పాటలో మా ఊరు

'త్యాగం' అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సభల్లో ఎవరైనా మైకు పట్టుకుని "ఉక్కు కర్మాగారం కోసం భూములు త్యాగం చేసిన రైతు సోదరులు" అని ఎత్తుకోగానే లేచి బయటికి వచ్చేస్తాను. పెళ్లిళ్లలో పక్క కుర్చీ ఆయన అదే మాట అన్నా ఊరుకోను. "ఎవరు చేశారండీ త్యాగం? మీరు చూశారా?" అని అడిగేస్తాను. మా పిల్లలకు తల కొట్టేసినట్టు ఉంటుంది. ఊరు పోగొట్టుకున్న మనిషి, ఆమాత్రం కోపం ఉంటుందిలే అని వాళ్లలో వాళ్లు సర్దుకుంటారు. నా కోపంలో సగమే వాళ్లకు తెలుసు. మిగతా సగం రాద్దామని కూర్చున్నాను.

మా ఊరు గాజువాక దాటాక, సముద్రం వైపు ఉండేది. పల్లంలో వరి, మెట్ట మీద జీడిమామిడి, ఇసుక నేలల్లో సరుగుడు. మాకు ప్లాంటు కావాలని ఉద్యమం జరిగినప్పుడు నేను చిన్న తరగతుల్లో ఉన్నాను. మా నాన్న ఊళ్లోవాళ్లతో కలిసి పట్నం దాకా ఊరేగింపులో నడిచాడు. కాల్పులు జరిగిన రోజు చెప్పులు ఎక్కడో వదిలేసి, కాళ్లకు రక్తంతో ఇంటికొచ్చాడు. ప్లాంటు వస్తే మన పిల్లలు చొక్కా నలగకుండా బతుకుతారు అనేవాడు. ఆ ప్లాంటు వచ్చి మా చేల మీదే కూర్చుంటుందని ఆ ఊరేగింపులో ఏ నాయకుడూ చెప్పలేదు. వాళ్లకు తెలియదేమో. తెలిసినా చెప్పేవాళ్లు కాదని నా అనుమానం.

కొన్నేళ్లకు కొలత గొలుసులు పట్టుకుని మనుషులు దిగారు. చేలు కొలిచారు, చెట్లు లెక్కపెట్టారు, చివరికి ఇళ్ల మీద పడ్డారు. ప్రతి ఇంటి ముందు గోడ మీదా తారుతో ఒక నంబరు రాశారు. నేను పక్క ఊరి హైస్కూలు నుంచి వచ్చేసరికి మా అమ్మ గోడ ముందు నిలబడి ఆ నంబరునే చూస్తోంది. మా అమ్మకు చదువు రాదు. అయినా ఆ రాత ఎందుకో ఆమెకు బాగానే అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే లేచి కుండలో సున్నం కలిపింది. ఈతకుంచె తీసుకుని ఆ నంబరు మీద కొట్టేసింది. ఆరాక తారు మళ్లీ గోధుమరంగులో పైకి తేలింది. మళ్లీ కొట్టింది. వాళ్లు వచ్చి మళ్లీ రాశారు. మా అమ్మ మళ్లీ కొట్టింది. మూడోసారి ఆఫీసరే జీపు దిగి వచ్చి, ప్రభుత్వ పనికి అడ్డం తగులుతున్నావని వేలెత్తి బెదిరించాడు. "నా గోడ, నా సున్నం, తప్పేటి బాబూ?" అంది మా అమ్మ. ఆ సాయంత్రానికి మా వీధిలో ఆడవాళ్లందరూ కుండలు పెట్టారు. పండగా పబ్బమూ లేకుండా ఊరు ఊరంతా తెల్లగా అయిపోయింది. ఏ ఇల్లు ఏదో తెలియక వాళ్లు మొదటి నుంచీ నంబర్లు వేసుకోవలసి వచ్చింది.

ఆ సున్నం మా ఊరిని ఎన్నాళ్లు ఆపుతుంది? కొన్ని నెలలు ఆపింది. తర్వాత నోటీసులు, పోలీసులు, లారీలు అన్నీ వచ్చాయి. మమ్మల్ని గాజువాక దగ్గర కాలనీలో వేశారు. ఇంటికో ఉద్యోగం అని చెప్పి ఒక కార్డు చేతిలో పెట్టారు. ఆ కార్డును మా అన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును ట్రంకు పెట్టెలో పెట్టి, ఉద్యోగం కోసం చూస్తూ చూస్తూ కూలికి పోయాడు. నాన్న మాట్లాడడం మానేశాడు. ప్లాంటు ఊసెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. అమ్మ మాత్రం వచ్చినవాళ్లందరికీ సున్నం సంగతి చెప్పేది. ఊరు పోయింది గానీ ఆ నాలుగు నెలలు తనవే అన్నట్టు చెప్పేది.

ఇంటర్ అయ్యాక నాకు పట్నంలోని వన్ టౌన్‌లో ఒక పెద్ద షిప్పింగ్ కంపెనీ టెలిఫోన్ బోర్డు మీద పని దొరికింది. హెడ్‌ఫోను పెట్టుకుని తీగలు ఇందులోంచి అందులోకి గుచ్చడమే పని. అక్కడ మా సీనియర్ ఆపరేటర్ ఒకావిడ ఉండేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. పాత ప్రొటెస్టెంట్ కుటుంబం, వాళ్ల ముత్తాత కాలం నుంచీ వన్ టౌన్‌లో అదే చర్చి, అదే బెంచీ. అక్క చర్చి పాటల బృందం కాయిర్‌లో సోప్రానో, అంటే ఆడవాళ్ల పైగొంతు, పాడేది. బోర్డు మీద కాల్స్ లేనప్పుడు నేను ఊడుపుల పాటేదో కూనిరాగం తీస్తుంటే వింది.

"ఒసే, ఇంత కింద గొంతు పెట్టుకుని ఇక్కడ హలో హలో అంటన్నావేటే?" అంది. "మాకు ఆల్టోలు, కింద గొంతు ఆడోళ్లు, కావాలి. శనివారం నాతో రా."

"నేను మీ మతం కాదు కదక్కా."

"గొంతుకి మతమేటే, దిక్కుమాలినదానా."

అలా వెళ్లాను. చర్చి వెనక గదిలో ప్రాక్టీసు. కిటికీలోంచి ఎండుచేపల వాసన, హార్బరు సైరన్లు. నలభైమంది దాకా ఉండేవారు. పోర్టు గుమస్తాలు, రైల్వేవాళ్లు, నర్సులు, టీచర్లు. కాయిర్ మాస్టారు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. సన్నగా, తెల్ల చొక్కాతో, జేబులో ఎప్పుడూ శ్రుతికోసం ఒక ఇనుప ఫోర్కు. దాన్ని మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు.

వాళ్ల పద్ధతి నాకు కొత్త. స్వరాలు గీతల మీద కాదు, అక్షరాల్లో రాసుకునేవారు. డ, ర, మ, ఫ అంటూ, మధ్యలో చుక్కలూ నిలువు గీతలూ. మాస్టారు నల్లబల్ల మీద రాస్తే, ఎవరి గొంతు వాళ్లు ఎవరి నోటుబుక్కులో వాళ్లు ఎక్కించుకోవాలి. సోప్రానోకు సోప్రానో వరసే ఉంటుంది, ఆల్టోకు ఆల్టో వరసే. పక్కవాళ్లు ఏం పాడతారో వినడమే గానీ చేతిలో ఉండదు. అందుకే మాస్టారి చేతిని తప్ప ఇంకేం చూడకూడదు. ఆయన ఎడమచేతి రెండు వేళ్లు పైకి లేస్తే ఆల్టోలు ఊపిరి తీసుకోవాలి, వేళ్లు దిగితే పాట మొదలవ్వాలి. "ఊపిరి తీసుకున్నాక ఇంక ఆలోచన ఉండకూడదు. శబ్దం వచ్చేయాలి" అనేవారు. ఆలస్యమైతే సుద్దముక్క విసిరేవారు. మొదటి రెండు నెలలూ ఆ సుద్దముక్కలు ఎక్కువ నాకే తగిలాయి.

ఆయన అప్పటికే ఒక పెద్దపాట రాస్తున్నారు. నాలుగు గొంతుల బృందగానం, మూడు భాగాలు. దేవుడి పాట కాదు, మన పట్నం చరిత్ర. మొదటి భాగం ఉద్యమం, కాల్పులు. మగవాళ్లు గట్టిగా పాడుతూ ఉండగా ఒక్కొక్క గొంతే ఆగిపోతుంది, చివరికి ఆడగొంతులు మాత్రమే మిగులుతాయి. అది మొదటిసారి విన్నప్పుడు మా నాన్న చెప్పులు గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు. మూడో భాగం కొలిమి, ఉక్కు, రేపటి రోజులు. మధ్య భాగం ఆయనకు కుదరలేదు. ఊళ్లు లేచిపోవడం గురించి రాయాలి, కానీ ఆయనకు ఆ ఊళ్లు తెలియవు.

నేను సున్నం సంగతి చెప్పాను. మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి మా కాలనీకి వచ్చారు. అమ్మ ఊడుపుల్లో ముందుపాట పాడే మనిషి, తను ఒక చరణం అంటే మిగతావాళ్లు అందుకునేవారు. మాస్టారు చాప మీద కూర్చుని ఆ పద్ధతంతా విన్నారు. తర్వాత అమ్మ ఊరు వదిలిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ ఆమె గొంతు పాటలోకి వెళ్లిపోయింది. నంబరు ఏసినారు, సున్నం ఏసినాం. మల్లా ఏసినారు, మల్లా ఏసినాం. చివర ఒకటే మాట రెండుసార్లు అంది. "ఇయ్యనేదు, మేం ఇయ్యనేదు. అట్టుకుపోనారు." మాస్టారు తలదించుకుని డ, ర, మ అని రాసుకుంటున్నారు.

వెళ్లేముందు అమ్మ ఆయన్ని ఆపింది. "బాబూ, పాట మీదే. మీకు నచ్చినట్టు ఎత్తుకోండి, దించుకోండి. మాట మాత్రం నాను సెప్పిందే ఉండాల. దానికి పౌడరు రాయకండి."

"మీ మాట మీద చెయ్యి వెయ్యనమ్మా" అన్నారు మాస్టారు.

ఆయన గుమ్మం దాటాక అమ్మ నా వైపు తిరిగింది. "ఆయన పెద్దోరు, ఆయనకి వంద పనులు. నా మాటకి నువ్వు పూసీ. ఇన్నావా?" అంది. విన్నాను. చేతిలో చెయ్యి వేసి మరీ ఒప్పుకున్నాను.

మధ్య భాగం నెల్లాళ్లలో తయారైంది. బేస్ గొంతుల మగవాళ్లు కిందనుంచి నంబర్లు పాడతారు, సోప్రానోలు పైనుంచి సున్నం పాడతారు. ఒకళ్ల మీద ఒకళ్లు, మళ్లీ మళ్లీ. అంతా ఒక్కసారి ఆగిపోయాక, ఆరుగురం ఆల్టోలం, ఏ వాయిద్యం లేకుండా, మేం మాత్రమే, మా అమ్మ మాట ఎత్తుకోవాలి. రెండోసారికి అందరూ అందుకుంటారు. అచ్చం ఊడుపుల్లోలాగే. మొదట్లో పట్నంవాళ్లు 'ఇయ్యనేదు' అనడానికి నవ్వారు. ఒక నర్సమ్మ 'ఇవ్వలేదు' అనొచ్చు కదా అంది. మాస్టారు కుదరదన్నారు. నవ్విన నోళ్లే నెల తిరిగేసరికి ఆ మాట దగ్గర కళ్లు తుడుచుకున్నాయి. నేను ఇంటికి వెళ్లి అమ్మకు అన్నీ చెప్పేదాన్ని. ఎక్కడొస్తుంది, ఎవరు మొదలుపెడతారు, ఎంతసేపు. అమ్మ అన్నం వడ్డిస్తూ వినేది. మర్నాటికి కాలనీ అంతటికీ తెలిసిపోయేది.

ఎనభైల మొదట్లో ప్లాంటు పనులు జోరందుకున్నాయి. ఆ సందర్భంగా ఊళ్లో పెద్దమనుషులు కొందరు ఉత్సవ సంఘం ఒకటి పెట్టుకున్నారు. బీచికి దగ్గర పాత హాలులో పెద్ద సభ, రాజధాని నుంచి అతిథులు. మా పాట అక్కడ పాడమని అడిగారు. గదిలో ఆ రోజు ఎంత సంబరమో. రెండు వారాల ముందు సంఘం అధ్యక్షుడు ప్రాక్టీసు వినడానికి వచ్చాడు. ఉద్యమం రోజుల్లో ఆయన విద్యార్థి నాయకుడు. అప్పటికి ఖద్దరు, కారు, ప్లాంటులో మట్టి పనుల కాంట్రాక్టు, మూడూ సమకూరాయి.

మొదటి భాగానికి ఆయన కళ్లు మూసుకుని తల ఊపాడు. కాల్పుల దగ్గర రుమాలు తీశాడు. అదంతా తన కథే అనుకున్నాడు కాబోలు. కాల్పుల మీద ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. పోయినవాళ్లు లేచి వచ్చి ఉద్యోగాలు అడగరు కదా. మధ్య భాగం సగంలో కళ్లు తెరిచాడు.

"మాస్టారూ, సంగీతం అద్భుతం. కానీ శుభమా అని మొదలుపెడుతుంటే ఈ సున్నం గొడవేమిటండీ? ఆ భాషేమిటి? పైనుంచి వచ్చినవాళ్లు ఏమనుకుంటారు, మనం బలవంతంగా లాక్కున్నామని అనుకోరూ?"

"లాక్కున్నారు కదండీ" అన్నాను. నా నోరు దానంతట అదే అంది. ఆయన నన్ను చూడను కూడా చూడలేదు.

"రైతులు మనసారా ఇచ్చారు. అది చరిత్ర. అది పాడండి. లేకపోతే మొదటి భాగం, మూడో భాగం చాలు. అదీ కుదరదంటే, మీలో సర్వీసులో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నట్టున్నారు, మీరే ఆలోచించుకోండి." నవ్వుతూ అన్నాడు. మా అందరికీ నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

తర్వాతి శనివారం నల్లబల్ల మీద పాత స్వరాలే ఉన్నాయి. కింద మాటలు మారాయి. నంబర్లూ సున్నమూ పోయి పొలాలూ పైరగాలీ వచ్చాయి. మా అమ్మ మాట ఉన్నచోట 'మనసారా ఇచ్చాము, మా నేల ఇచ్చాము' అని ఉంది. మాస్టారు కాగితం ముక్కల మీద కొత్త మాటలు రాసి తెచ్చారు. అన్నం మెతుకులు పెట్టిన గిన్నె బల్ల మీద పెట్టారు. అందరూ నోటుబుక్కులు తెరిచి, మెతుకులు మెదిపి, పాత మాటల మీద కొత్త కాగితాలు అంటించుకుంటున్నారు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

"మా అమ్మకు మాటిచ్చారు మీరు" అన్నాను.

"ఇచ్చాను."

"మరి?"

"తాళం తప్పకుండా సరిపోయిందమ్మా. స్వరం ఒక్కటి కూడా మార్చలేదు" అన్నారు. అంత తెలివైన మనిషి నోట అంత సిగ్గుమాలిన మాట వస్తుందని నేను అనుకోలేదు. ఆయనా అనుకుని ఉండరు. వెంటనే తల పక్కకు తిప్పుకున్నారు.

"నువ్వు నా మీద ఎంతైనా కోప్పడు," అన్నారు తర్వాత, గొంతు తగ్గించి. "ఇక్కడ ఇరవైమందికి పైగా గవర్నమెంటు ఉప్పు తింటున్నారు. ఒక్క ట్రాన్స్‌ఫర్ కాగితం వస్తే పిల్లల చదువులు చెట్టెక్కుతాయి. నీ ఒక్క ఊరి కోసం వాళ్ల నోట్లో మట్టి కొట్టమంటావా?"

"మా నోట్లో ఇప్పటికే కొట్టారు కదా మాస్టారూ, అది చాలదా?"

బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇంక ఈ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. అక్క వెనకే వచ్చింది.

"ఆల్టోలు ఆరుగురే. నువ్వు మానేత్తే అయిదుగురు. ఆ అయిదుగురిలో ఇద్దరు నిన్ను పట్టుకునే పాడతారు. ఎనిమిది నెలల పని, మూడు భాగాలూ పోతాయే" అంది. "నా మాటిను. ఆ ఒక్క లైను కాడ నోరు మూసుకో. నీ నోట ఆ మాట రాకపోతే మీ అమ్మకి నువ్విచ్చిన మాట నిలబడినట్టే. ఎవరికీ తెలీదు."

అది నాకు న్యాయంగానే తోచింది. ఇప్పుడు తలుచుకుంటే, తోచడానికి కారణం వేరే ఉంది. నాకు పాడాలని ఉంది. నలభై గొంతుల మధ్య నిలబడడం ఎంత బాగుంటుందో ఒకసారి తెలిసినవాళ్లు దాన్ని అంత తేలిగ్గా వదులుకోలేరు. కోపం ఎంత ఉన్నా ఆ ఆశ దాని పక్కనే కూర్చుని ఉంది.

అమ్మకు చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. సభకు రావద్దు, బస్సులు దొరకవు, జనం తొక్కిసలాట అని రెండుమూడు సాకులు చెప్పి చూశాను. "నా మాట నాను ఇనుకోవద్దా?" అంది. అయిదుగురు ఆడవాళ్లను వెంటేసుకుని, పెట్టెలో దాచుకున్న జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది.

హాలులో ముందు వరసల కుర్చీలు అతిథులవి. కాలనీవాళ్లకు స్టేజీ పక్కగా చాపలు వేశారు. చాపల ఎదురుగానే స్టేజీ అంచున ఆల్టోలం. నాకూ అమ్మకూ మధ్య నాలుగైదు అడుగులు ఉంటాయేమో. అధ్యక్షుడు ఉపన్యాసం మధ్యలో "మన త్యాగమూర్తులు" అని చాపల వైపు చెయ్యి చూపించి, లేచి నిలబడమన్నాడు. ఎందుకో తెలియక అమ్మవాళ్లు లేచారు. చప్పట్లు కొట్టారు. అమ్మ చీర కొంగు భుజం మీదికి లాక్కుని అటూ ఇటూ చూసింది. హాజరు పిలుస్తున్నారనుకుందట, తర్వాత పక్కావిడ చెప్పింది. ఆ మనిషిని అక్కడే, ఆ మైకు ముందే, కడిగిపారేయాలనిపించింది. ఆ ఒక్క లైను దగ్గర నోరు మెదపను, చచ్చినా మెదపను అని పళ్లు బిగబట్టాను.

మొదటి భాగం మేమెవరమూ అనుకోనంత బాగా వచ్చింది. మగగొంతులు ఒక్కొక్కటే ఆగిపోతుంటే హాలంతా బిగుసుకుపోయింది. మధ్య భాగం మొదలైంది. పైరగాలి వచ్చింది, పొలాలు వచ్చాయి. అమ్మ ముందుకు వంగి కూర్చుంది. నేను చెప్పిన గుర్తుల ప్రకారం సున్నం కోసం వింటోంది. అది రాదు. నాకు తెలుసు, ఆమెకు తెలియదు. పాట ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దం తర్వాత తన మాట వస్తుందని ఆమెకు తెలుసు.

మాస్టారి ఎడమచేతి రెండు వేళ్లు లేచాయి. నేను ఊపిరి తీసుకున్నాను. వేళ్లు దిగాయి.

'మనసారా ఇచ్చాము.' ఆరు గొంతులు, వాయిద్యం లేకుండా, హాలు చివరి గోడ దాకా. ఆరింటిలో నాదొకటి. ఎనిమిది నెలలు సుద్దముక్కలు తిని నేర్చుకున్న ఊపిరి అది, నన్ను అడగకుండానే పాటయింది. మొదటి అక్షరం పొరపాటే అనుకుందాం. ఆపొచ్చు కదా. రెండో మాట దగ్గర ఆపొచ్చు, మూడో మాట దగ్గర ఆపొచ్చు. ఆపలేదు. మధ్యలో ఆపితే పక్కనున్న ఇద్దరూ జారిపోతారని, శ్రుతి పడిపోతుందని భయపడ్డాను. ఆ క్షణంలో నాకు మా ఊరు గుర్తురాలేదు. శ్రుతి గుర్తొచ్చింది. తర్వాత నలభై గొంతులూ వచ్చి మా కింద చేరినప్పుడు ఒంట్లో జల్లుమంది. సంతోషమే అది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ సంతోషాన్ని నేను ఈ జన్మలో క్షమించను.

చప్పట్లు ఎంతసేపు కొట్టారో. అధ్యక్షుడు మాస్టారికి శాలువా కప్పాడు. మాస్టారు దాన్ని మడిచి చంకలో పెట్టుకుని వెనక తలుపు నుంచి వెళ్లిపోయారు.

గాజువాక బస్సులో అమ్మ పక్కన కూర్చున్నాను. వెనక సీట్లలో కాలనీ ఆడవాళ్లు దీపాల గురించీ, అతిథుల భార్యల చీరల గురించీ చెప్పుకుంటున్నారు. బస్సు కాన్వెంటు జంక్షన్ దాటింది.

"నా మాట రానేదు" అంది అమ్మ.

అంతే, నా కోపమంతా బయటికి వచ్చింది. అధ్యక్షుడు ఎలా బెదిరించాడో చెప్పాను. వాడి కాంట్రాక్టు సంగతి చెప్పాను. మాస్టారు ఎలా జారిపోయారో, మెతుకులతో కాగితాలు ఎలా అంటించారో, అక్క ఏమందో, అందరూ ఎంత పిరికివాళ్లో చెప్పాను. గొంతు పెరిగిందేమో, ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ అంతా విన్నది. కండక్టరు పక్కనుంచి వెళ్లేదాకా ఆగింది.

"అందరి గురించీ సెప్పినావు. నాను నీ ఎదురుగానే కూకున్నాను కదే," అంది. "నీ నోరెవులు తెరిసినారు?"

నా దగ్గర మాస్టారి రెండు వేళ్ల సంగతి తప్ప ఇంకేం లేదు. అది ఆమెకు ఎలా చెప్పను? దిగేచోటు వచ్చింది, దిగాం.

మర్నాడు సెలవు. కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోవడానికి వచ్చినవాళ్లందరూ అమ్మను అడిగారు. పాట ఎలగుందీ, నీ సున్నం వచ్చిందా, మన ఊరి పేరెత్తినారా అని. నేను లోపల గదిలో తలుపు వెనక నిలబడి వింటున్నాను. మమ్మల్ని మోసం చేశారని కేకలేస్తుందేమో, నన్ను తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. అమ్మ బిందె కుళాయి కింద పెట్టి, అడిగిన ప్రతివాళ్లకూ ఒకే గొంతుతో ఒకే జవాబు చెప్పింది.

"బాగానే పాడినారు. మనమే మనసారా ఇచ్చినామట. మా పిల్ల కూడా పాడింది."